సెల్లారులో ఎదిగిన జీపు

దిల్‌సుఖ్‌నగర్ నడిరోడ్డు మీద మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ పూర్తి చేసిన కుర్రాడి ముందు రెండే దారులుండేవి: ఉద్యోగం వస్తే ఉద్యోగం, రాకపోతే బ్యాంకు పరీక్షల కోచింగు. నాకు రెండోది రాసిపెట్టి ఉంది. కాకినాడలో ఉండే మా నాన్న, "హైదరాబాదులో మీ అత్తయ్య ఒక్కతే ఉంటోంది, దానికి తోడుగా ఉన్నట్టూ ఉంటుంది, నీకు కోచింగు దొరికినట్టూ ఉంటుంది" అని ఒకే టిక్కెట్టు మీద రెండు పనులు అప్పజెప్పి నన్ను రైలెక్కించారు. (టిక్కెట్టు వృథా పోకూడదని రెండు కేజీల కాజాలు కూడా నాతోనే పంపారు.) అలా నేను మెకానికల్ పట్టా పెట్టె అడుగున పెట్టుకుని, రోజూ పొద్దున్నే మూడువందల మంది కుర్రాళ్ళ మధ్య కూర్చుని, ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఎక్కడ కలుసుకుంటాయో లెక్కకట్టడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే అవి ఎక్కడ కలుసుకుంటే నాకేంటి? నా ధ్యాసంతా ఆ బోగీల కింద ఏ రకం స్ప్రింగులు ఉంటాయన్న దాని మీదే ఉండేది. పరీక్షలో ఆ ప్రశ్న ఎవడూ అడగలేదు.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. పెద్ద రోడ్డుకి నాలుగు సందుల వెనక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో ఉండేది. ఆ భవనం కింద సెల్లారులో, రెండు కార్ల చోటు ఆక్రమించుకుని, దుమ్ము కప్పుకుని ఒక పాత జీపు ఉండేది. అది మావయ్యది. మావయ్య బోరు పాయింట్లు చూసేవారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని స్థలమంతా నడిస్తే, నీళ్ళున్న చోట కాయ దానంతటదే నిటారుగా లేచి నిలబడాలి. మీర్‌పేట్ వైపు కొత్తగా వేసిన ప్లాట్లన్నిటికీ ఆయనే దిక్కు. దారీ తెన్నూ లేని రాళ్ళ మీద, కంపల్లోంచి ఆ జీపు వెళ్ళేది. పక్కసీట్లో అత్తయ్య ఒళ్ళో కొబ్బరికాయలు పెట్టుకుని, కాళ్ళ దగ్గర టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేది. జీపు కుదుపులకి కాయలు పగలకుండా చూడటం ఆవిడ డ్యూటీ. ఎండ తగలకుండా ఆవిడ కోసం మావయ్య జీపుకి ఇనపరేకు టాపు వేయించి, వంకర టింకరగా వెల్డింగు కూడా చేయించారు. మావయ్య చూపించిన చోట్ల చాలావరకు నీళ్ళు పడ్డాయి. పడనిది ఒక్కచోటే, మా అపార్ట్‌మెంటులో. (పడలేదంటే అత్తయ్య ఒప్పుకోదు. రెండేళ్ళు పడి తరవాత మానేశాయి అంటుంది.)

ఆ బోరు ఎండిపోవడమే అసలు గొడవకి మూలం. మా అసోసియేషన్ ప్రెసిడెంటు నల్లగొండ నుంచి వచ్చి లారీల మీద సంపాదించి స్థిరపడిన పెద్దాయన. భారీ మనిషి, గొంతు కూడా అంతే భారీ. వేసవిలో నీళ్ళ ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ సెల్లారులోకి దిగి, ఆ జీపు వంక ఒకసారి చూసి, ఒక నిట్టూర్పు విడిచి పైకి వెళ్ళేవారు. మావయ్య పోయి మూడేళ్ళయింది. ఆయన పోయిన ఏడాదే అత్తయ్యకి నడుములో డిస్కు జారింది. కుదుపులున్న బండి ఏదీ ఎక్కొద్దన్నాడు డాక్టరు. (హైదరాబాదులో కుదుపుల్లేని ఆటో ఎక్కడ దొరుకుతుందో మందులచీటీలో రాయలేదు.) అప్పటినుంచి జీపు సెల్లారులో, అత్తయ్య రెండో అంతస్తులో ఉండిపోయారు. చివరికి ప్రెసిడెంటు గారు మీటింగు పెట్టి తేల్చేశారు.

"ఏందమ్మా గిది? నడవని బండికి రెండు బండ్ల జాగ ఎందుకు? మలక్‌పేటల పాతబండ్లు కొనేటోడున్నడు, నేను మాట్లాడిన. దసరాకు మంచిగ పూజ చేస్కో. దసరా ఎల్లినంక ఆదివారం ఆయనొచ్చి తీస్కపోతడు."

మర్నాడు మధ్యాహ్నం నాకు అన్నం వడ్డిస్తూ అత్తయ్య అంది: "నాకు అమ్మాలని లేదురా. అమ్మితే ఆయన రెండోసారి వెళ్ళిపోయినట్టుంటుంది. కానీ ఎక్కలేని బండిని ఎన్నాళ్ళని చూస్తూ కూర్చోను? మేం ఆదివారం ఆదివారం మీర్‌పేట్ దాటాక గుట్ట మీదకి వెళ్ళేవాళ్ళం. ఒక్కసారి అక్కడిదాకా వెళ్ళి, నడుం పట్టెయ్యకుండా దిగగలిగానంటే, ఎవరేమన్నా సరే ఉంచుకుంటా. లేదంటే ఇచ్చేస్తా."

నేను పప్పన్నం ముద్ద నోట్లో ఉండగానే, "నేను చూసుకుంటాను అత్తయ్యా" అన్నాను. నోట్లో ముద్ద ఉన్నప్పుడు ఇచ్చే మాటలు ఎంత ప్రమాదమో ఆ వయసులో తెలియదు. కానీ ఆ మాట అన్నాక ఆవిడ మొహంలోకి వచ్చిన వెలుగు చూశాను. ఇక వెనక్కి తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

పాత జీపుల కింద ఉండేవి కమాన్ పట్టీలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టలన్నమాట. లారీల కింద కనిపిస్తాయే, అవే. బరువు మొయ్యడంలో వాటికి ఎదురు లేదు గానీ, రోడ్డు మీద చిన్న గులకరాయి ఉన్నా దాని సమాచారం నేరుగా నడుముకి చేరవేస్తాయి. వాటిని పీకేసి, నాలుగు చక్రాలకీ చుట్టల స్ప్రింగులు పెడితే ఎంత గుట్టయినా మెత్తగా ఎక్కుతుందన్నది నా సిద్ధాంతం. ఆ సైజు స్ప్రింగులు బజార్లో దొరకవు, లెక్కకట్టి చేయించుకోవాలి. లెక్క అనగానే నాకు ఒళ్ళు పొంగింది. నాలుగేళ్ళు చదివింది దీనికోసమే అనిపించింది. (ఆ నాలుగేళ్ళలో ఒక్క స్ప్రింగునైనా చేత్తో ముట్టుకోలేదన్న విషయం ఆ క్షణాన గుర్తు రాలేదు.)

ఎల్.బి.నగర్‌లో ఒక మెకానిక్ ఉండేవాడు. ఏది అడిగినా "గ్యారంటీ" అనేవాడు కాబట్టి ఆయన పేరే గ్యారంటీ అన్న అయిపోయింది. గ్యారంటీ అన్న అంతవరకు ఏ జీపుకీ చుట్టల స్ప్రింగులు పెట్టలేదు. ఆ సంగతి నేను అడిగితే ఏమాత్రం దాచుకోలేదు.

"పెట్టలే తమ్మీ. అయితేంది? పెడితేనే గద పెట్టినట్టు! నువ్వు లెక్క జెయ్యి, నేను వెల్డింగు జేస్త. మనిద్దరం కలిస్తే గ్యారంటీ."

ఒకరికి చెయ్యడం రాదు, ఇంకొకరికి లెక్క రాదు. కాబట్టి ఎవరి పని మీద ఎవరికీ అనుమానం రాలేదు. చాలా హాయిగా పని సాగడానికి అదే కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

బండిని ఎల్.బి.నగర్ షెడ్డుకి తోలుకుపోదాం అన్నాడు గ్యారంటీ అన్న. అక్కడ అత్తయ్య అడ్డం పడింది. "కుదరదు. బండి నా కళ్ళ ముందు నుంచి కదిలితే లోపలి సామాన్లన్నీ మార్చేస్తారు. ఏం చేసినా సెల్లారులోనే, నా ఎదురుగుండానే చెయ్యాలి" అంది. మెకానిక్ షెడ్డులోకి వెళ్ళిన బండి అదే బండిగా తిరిగి రాదన్నది మా వంశంలో తరతరాల నమ్మకం. గ్యారంటీ అన్న నొచ్చుకోలేదు. "మా అమ్మ గూడ గిట్లనే అంటది, అదిగూడ నా షెడ్డు గురించే" అన్నాడు. అలా సెల్లారే షెడ్డయింది. అత్తయ్య రోజూ పొద్దున్నే నడుముకి బెల్టు కట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, చిక్కుడుకాయలు ముందేసుకుని కాపలా కూర్చునేది. ఏ నట్టు విప్పినా "అది ఎక్కడ పెట్టావు?" అని అడిగేది. వెల్డింగు మిషను పెట్టగానే నాలుగంతస్తుల్లోనూ లైట్లు గుడ్డివైపోయి, టీవీలో సీరియల్ అత్తగారు తిట్టబోతూ నోరు తెరిచి అలాగే ఆగిపోయేది. మూడో అంతస్తు ఆంటీ మెట్లమీంచి, "ఏమండీ, మీ వెల్డింగు అయిదు నిమిషాలు ఆపండి, ఆవిడ ఏం తిడుతుందో విని దిగొస్తాను" అని అరిచేది. అయిదు నిమిషాల తరవాత నిజంగానే దిగొచ్చి, ఇంకో కుర్చీ వేయించుకుని, చిక్కుడుకాయల్లో సగం తన ఒళ్ళోకి లాక్కునేది.

ఈలోగా నేను మేడమీద లెక్కల్లో మునిగిపోయాను. స్ప్రింగు చుట్టే కడ్డీ లావయితే స్ప్రింగు గట్టిపడుతుంది, చుట్లు పెరిగితే మెత్తబడుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తెలియాలంటే బండి మీద ఎంత బరువు పడుతుందో తెలియాలి. "అత్తయ్యా, బండిలో మామూలుగా ఎంతమంది ఎక్కేవారు?" అని అడిగాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తున్నదల్లా ఆగి, మెడ నిటారుగా పెట్టి, "ఎనిమిది మందికి తక్కువ మీ మావయ్య ఏనాడూ బండి తియ్యలేదు. స్థలం ఓనరు, వాళ్ళ బావమరిది, మేస్త్రీ, అందరూ మన బండే. నాతో కలిపి!" అంది. నేను భక్తిగా ఆ ఎనిమిదినీ పట్టుకున్నాను. ఎవరి బరువు ఎవరూ నిజం చెప్పరు కాబట్టి మనిషికి ఇంకాస్త కలిపాను. ఎనిమిది మంది ఎక్కినప్పుడు బండి సరిగ్గా పాత ఎత్తులో కూర్చునేలా, అప్పుడే మెత్తగా పోయేలా లెక్క కట్టాను. ఆ ఎనిమిది మందీ ఇప్పుడు ఎక్కడ ఉన్నారన్న ప్రశ్న నా లెక్కలోకి రాలేదు. లెక్కలో సున్నా తప్పు కూడా లేదని మూడుసార్లు సరిచూసుకుని, గర్వంగా ఆటోనగర్ వెళ్ళి స్ప్రింగులు చుట్టించుకొచ్చాను. నల్లరంగు వేసి, నిగనిగలాడుతూ, ఒక్కొక్కటి మోకాలెత్తు ఉంది. రాత్రి వాటిని మంచం పక్కనే పెట్టుకున్నాను. (ఈ మాట మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.)

కమాన్ పట్టీలు విప్పితే ఇరుసు నిలవదు. దాన్ని ముందుకీ పక్కకీ జారకుండా పట్టుకోవడానికి వేరే రాడ్లు కావాలి. అవన్నీ గ్యారంటీ అన్న వెల్డింగు చేశాడు. దసరా దాటిన శనివారం సాయంత్రానికి పని పూర్తయింది. అన్నాళ్ళూ జాకీల మీద, ఇటుకల మీద ఉన్న జీపుని నెమ్మదిగా దించాము. దించుతూనే ఉన్నాము గానీ బండి కిందికి రావడం లేదు. జాకీలు తీసేశాము, ఇటుకలు తీసేశాము, జీపు మాత్రం కొత్త స్ప్రింగుల మీద దర్జాగా, మునుపటికన్నా జానెడు పైన నిలబడిపోయింది. "హబ్బ! ఏం ఎత్తు తమ్మీ! పులిలెక్కుంది!" అని గ్యారంటీ అన్న చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను. ముగ్గురం సంతోషంగా కాఫీలు తాగాము.

ఆదివారం పొద్దున్న గుమ్మడికాయ తిప్పి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పితే ఇంజను మూడేళ్ళ దగ్గంతా ఒకేసారి దగ్గి మొదలైంది. నిమ్మకాయలు చిట్లాయి. అత్తయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. జీపు హుందాగా నాలుగడుగులు వేసి, బయటికెళ్ళే ర్యాంపు మొదట్లోకి వచ్చింది. నేను ముందు నడుస్తూ దారి చూపిస్తున్నాను. అక్కడ, ర్యాంపు మీద అడ్డంగా, భవనమంతటినీ మోస్తూ, పసుపూ నలుపూ చారల రంగు వేసుకుని, ఒక సిమెంటు దూలం ఉంది. నేను దూలం వంక చూశాను. ఇనపరేకు టాపు వంక చూశాను. "ఆపన్నా!" అని అరిచాను.

ఒకరినొకరు చూసుకున్నాము. లోపలికి వచ్చినప్పుడు ఈ దూలం కింద పట్టిన జీపే. లోపల ఉండగా పెరిగింది. సెల్లారులో కూర్చుని బండిని ఎత్తు పెంచి, ఆ సెల్లారులోంచి బయటికి ఎలా వెళుతుందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గ్యారంటీ అన్న గాలి తీద్దామన్నాడు. నాలుగు టైర్లలోనూ సగం గాలి తీశాము, ఇంకా ఎనిమిది వేళ్ళ ఎత్తు మిగిలింది. టాపు కోద్దామన్నాడు. "ఆయన వేయించిన టాపు మీద రంపం పెట్టావంటే నీ చెయ్యి తీసేస్తా" అంది అత్తయ్య. సరిగ్గా ఆ సమయానికి ప్రెసిడెంటు గారు మాంసం సంచితో వచ్చి నిలబడ్డారు.

"ఏమైంది?"

చెప్పాము. ఆయన మొహం పాలిపోయింది. పదకొండు గంటలకి మలక్‌పేట నుంచి కొనే ఆయన వస్తాడు. కొనే ఆయన బండిని తీసుకుపోవాలన్నా ఈ దూలం కిందనుంచే తీసుకుపోవాలి. "అంటే ఇగ గిది బయటికే రాదా? నేను సచ్చేదాంక ఈడనే ఉంటదా?" అన్నారు. ఆ గొంతులో అంత దుఃఖం నేనెప్పుడూ వినలేదు.  అత్తయ్య నడుం బెల్టు మీద చెయ్యి వేసుకుని, కుర్చీలో మెల్లగా కూలబడింది. నాకు ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేక జీపు కింద స్ప్రింగుల వంక చూశాను. ఇంత మంచి లెక్క ఇలా ఎందుకయింది? పూర్తి బరువుతో పాత ఎత్తుకి రావాలి కదా అనుకున్నాను. ఆ ఆలోచన సగంలో ఉండగానే ఎగిరి గంతేశాను.

"ఎనిమిది మంది! ఎనిమిది మంది ఎక్కితే దిగుతుంది!"

అందరికన్నా ముందు ఉత్సాహపడింది ప్రెసిడెంటు గారే. "బండి బయటికి పోతదంటే నేనెక్కుత!" అని మాంసం సంచి వాచ్‌మన్ చేతికిచ్చి వెనకసీట్లోకి ఎక్కేశారు. జీపు ఒక వేలు దిగింది. డ్రైవరు సీట్లో గ్యారంటీ అన్న, పక్కన అత్తయ్య. ఇక మిగతావాళ్ళని పిలవాలి. అందులో ఉన్న చిక్కు అప్పుడు అర్థమైంది. "మీరు బరువుగా ఉంటారు కాబట్టి రండి" అని ఎవరిని పిలవగలం? నేను ప్రతి అంతస్తూ ఎక్కి, "బండి ప్రారంభోత్సవం, పెద్దలు కూర్చుని ఆశీర్వదించాలి" అని పిలిచాను. ఎవరిని పిలవాలో మాత్రం మనసులో కొలుచుకుని మరీ పిలిచాను. మూడో అంతస్తు ఆంటీ పట్టుచీరలో వచ్చింది. ఆవిడ ముందుసీట్లో అత్తయ్య పక్కన ఎక్కగానే జీపు కిర్రుమని రెండు వేళ్ళు దిగింది. సెల్లారు మొత్తం ఆ శబ్దం విని, విననట్టు మొహాలు పెట్టింది. "నేనెక్కక ముందే దిగిందది" అంది ఆంటీ, ఎవరూ అడక్కుండానే. "అవునండీ, నేను చూశాను" అన్నాను. అలా మొదటి అంతస్తు నుంచి ఇద్దరు అన్నదమ్ములు, నాలుగో అంతస్తు నుంచి రోజూ కసరత్తు చేసే బ్యాంకు మేనేజరు కూడా వచ్చి కూర్చున్నారు.

గ్యారంటీ అన్న అంగుళం అంగుళం ముందుకి తీశాడు. నేను దూలం కింద నిలబడి చెయ్యి పైకెత్తి చూస్తున్నాను. ఇంకొక్క వేలు! ఒక్క వేలు అడ్డం వస్తోంది. "లెక్క తప్పిందా తమ్మీ?" అన్నాడు గ్యారంటీ అన్న. తప్పలేదని ఒట్టేసి చెప్పగలను. మళ్ళీ మనసులో తలలు లెక్కపెట్టాను. అత్తయ్య ముందద్దంలోంచి నా వంక చూసి, "ఏడుగురే ఉన్నాం కదరా! నువ్వెందుకు బయట నిలబడ్డావు? ఎక్కు!" అంది. ఎనిమిదో మనిషిని నేనే. అప్పట్లో నేను పుల్లలా ఉండేవాణ్ణి, నా బరువుకి స్ప్రింగు దిగుతుందన్న నమ్మకం నాకే లేదు. వెనక మెట్టు మీదకి ఎక్కి, ఊపిరి బిగబట్టి, ఉన్న బరువంతా కిందికి తోశాను. ర్ర్ర్‌మని దూలం మీది పసుపురంగు కొంచెం టాపుకి అంటించుకుని, జీపు వెలుగులోకి వచ్చింది. మా కోచింగు సెంటర్లో వందకి వంద వచ్చినవాడు కూడా అంత గట్టిగా కేక పెట్టి ఉండడు.

అసలు అనుకున్నదేమంటే, గేటు దాటాక అందరూ దిగిపోవాలి. కానీ సందులోకి రాగానే వెనక ఒక ఆటో హారన్ మొదలుపెట్టింది, దాని వెనక నీళ్ళ ట్యాంకరు. ఆపడానికి లేదు. పెద్ద రోడ్డుకి చేరేసరికి ప్రెసిడెంటు గారు, "జర ఆపుర్రి, దిగుత" అన్నారు. మూడో అంతస్తు ఆంటీ ససేమిరా అంది. "నేను దిగనండీ. ఎక్కడానికే పావుగంట పట్టింది. మళ్ళీ చీర నలిపించుకోలేను. గుట్ట ఎంత దూరం?" అడిగింది. అన్నదమ్ములిద్దరూ అప్పటికే ఇంటికి ఫోన్లు చేసి ఉప్మా తమకి ఉంచొద్దని చెప్పేశారు. టైర్లలో గాలి నింపుకుని ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాము. మీర్‌పేట్ దాటాము. తారు అయిపోయింది, కంకర అయిపోయింది, తరవాత రాళ్ళే మిగిలాయి. మొదటి రాయి మీదకి చక్రం ఎక్కుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. అత్తయ్య కెవ్వుమంటుందని ఎదురుచూశాను. ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, చక్రాలు కింద ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి, పైన ఎనిమిది మందీ ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టు కబుర్లాడుకుంటున్నారు. గ్యారంటీ అన్న వెనక్కి తిరిగి నావైపు చూసి కన్ను కొట్టాడు. "చెప్పిన గద" అన్నాడు. ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తులేదు గానీ నాకూ అలాగే అనిపించింది.

గుట్టమీద గాలి బాగా వీస్తోంది. ఒకప్పుడు బోడి నేలగా ఉన్న చోట ఇప్పుడు కింద ఇళ్ళే ఇళ్ళు. అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జీపు దిగింది. దిగి, నిలబడి, నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మేమందరం పరీక్ష ఫలితాలు చూస్తున్నట్టు ఆవిడనే చూస్తున్నాము. ఏ సంగతీ చెప్పకుండా ఆవిడ కిందికి చెయ్యి చూపించి, "అదిగో ఆ నీలంరంగు ట్యాంకు ఉన్న ఇల్లు, దాని బోరు ఆయన చూపించిందే. అటు పక్కది కూడా" అంది. ప్రెసిడెంటు గారు కాసేపు అటే చూశారు. తరవాత గొంతు సవరించుకుని, "మనదిగూడ రెండేండ్లు మంచిగనే వచ్చినయ్ నీళ్లు. అబద్ధం ఎందుకు" అన్నారు. అత్తయ్య ఒక్కసారి ఆయన వంక తిరిగి, మూడేళ్ళుగా దాచుకున్న నవ్వు నవ్వింది. ఇంతలో ఆయన ఫోను మోగింది. మలక్‌పేట ఆయన సెల్లారులో నిలబడి బండి ఏదని అడుగుతున్నాడు. ప్రెసిడెంటు గారు అత్తయ్య వంక చూశారు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "లేదన్నా, అమ్ముతలేరు. మేము బండ్లనే తిరుగుతున్నం" అని ఫోను పెట్టేశారు.

నా లెక్కలోని అసలు గుణం పై ఆదివారం బయటపడింది. మొదటి రోజు గుట్ట నుంచి వచ్చాక అందరూ సందు మొదట్లోనే దిగి వెళ్ళిపోయారు. జీపు మళ్ళీ సెల్లారులోకి పోవాలంటే ఎనిమిది మంది కావాలి కాబట్టి ఆ వారమంతా వీధిలోనే ఉంచాము. ఆదివారం నేనూ అత్తయ్యా ఇద్దరమే గుట్టకి బయలుదేరాము. సందు చివర స్పీడ్ బ్రేకరు దగ్గరే ఇద్దరి తలలూ రేకు టాపుకి కొట్టుకున్నాయి. ఎనిమిది మందికి మెత్తగా ఉండే స్ప్రింగు ఇద్దరికి బండరాయి. పట్టీల కాలమే నయమనిపించేలా ఎగిరింది. అత్తయ్య బండి వెనక్కి తిప్పించింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ జీపులోంచే మూడో అంతస్తుకి ఫోను చేసి, "వదినగారూ, ఖాళీయేనా? మీరు లేకపోతే బండి కుదురుగా పోవడం లేదు" అంది. పది నిమిషాల్లో జీపు నిండింది. "ఒక్కడే ఉంటే ఎగిరెగిరి పడటం, నలుగురు చేరితే నెమ్మదించడం, అచ్చం మీ మావయ్యేరా ఇది" అని ఆ రోజు గుట్ట మీద టీ పోస్తూ నాతో అంది.

ఆ తరవాత మా అపార్ట్‌మెంటులో ఆదివారం పొద్దున్న ఎనిమిది మంది దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఎవరైనా ఊరెళ్తే తమ బదులు బావమరిదినో తోడల్లుడినో పంపేవారు. జీపుని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయం కూడా లేదు, దొంగ వస్తే ఎనిమిది మందితో రావాలి. ప్రెసిడెంటు గారు జీపు ఉన్న చోట గోడ మీద అత్తయ్య పేరు తనే రంగుతో రాయించారు.

నేను బ్యాంకు పరీక్ష తప్పాను. మరుసటేడు పుణెలో బండ్ల కింది సామాన్లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అదే పని. అక్కడ స్ప్రింగుల లెక్కలు కంప్యూటరు చేస్తుంది, నేను సంతకం పెడతాను. కొన్నేళ్ళ కిందట ఒకసారి, నేర్చుకున్న విద్యంతా పెట్టి, ఇద్దరెక్కినా ఎనిమిది మంది ఎక్కినా ఒకేలా మెత్తగా పోయే స్ప్రింగులు తయారుచేయించాను. ఎత్తు కూడా దూలం కింద పట్టేంతే. చిన్నప్పటి లెక్క సరిదిద్దుకుంటున్నానన్న సంబరంతో వాటిని రైల్లో మోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళాను. సెల్లారులో అత్తయ్య ముందు పెట్టి వివరించాను: ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదు, నువ్వొక్కదానివే డ్రైవర్ని పెట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు అని.

ఆవిడ ఓపిగ్గా అంతా విని, స్ప్రింగుని ఒకసారి చేత్తో నిమిరి, మళ్ళీ గోనెసంచిలో పెట్టేసింది.

"చాలా బాగున్నాయి నాన్నా. వీటిని తీసుకుపో. ఒక్కదాన్నే ఎక్కినా మెత్తగా పోయే బండి ఇచ్చావనుకో, ఆదివారం పొద్దున్నే నా తలుపు కొట్టేదెవర్రా?"

ఆ స్ప్రింగులు ఇప్పుడు పుణెలో మా ఇంటి అటక మీద ఉన్నాయి. లెక్క ప్రకారం చాలా మంచి స్ప్రింగులు అవి. మా పిల్లవాడు అవి ఎందుకు పనికొస్తాయని అప్పుడప్పుడూ అడుగుతుంటాడు, నేను దుమ్ము దులిపి మళ్ళీ గోనెసంచిలో పెట్టేస్తాను.